పాట వెంటే పేరు

ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాళ్లకు మరమ్మతు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. నడుస్తోంది కదా అని యంత్రాన్ని వదిలేస్తే ఏదో ఒక రోజు అదే ఆగుతుంది. ఆగేటప్పుడు పక్కనున్న మనుషుల్ని కూడా తీసుకుపోవచ్చు. అందుకే రాత్రింబవళ్లు మండే బ్లాస్ట్ ఫర్నేస్‌ను సైతం ముందే తేదీ అనుకుని ఆపుతారు, లోపలి ఇటుకలు మార్చి మళ్లీ వెలిగిస్తారు. భిలాయ్ స్టీల్ ప్లాంట్ రైల్ మిల్లులో 30 ఏళ్లకు పైగా మెయింటెనెన్స్ పని చేసి 2008లో రిటైరైన ఓ పెద్దాయన ఈ సంగతిని తన కింద పనిచేసిన కుర్రాళ్లందరికీ నూరిపోశారు. ఇంట్లో మాత్రం కంప్యూటర్ తెర మూలన అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయంటూ పసుపు రంగు డాలు గుర్తు కనిపించినప్పుడల్లా దాన్ని మూసేసేవారు. ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ల తరబడి.

అది బద్ధకం కాదు, భయం. ఆ కంప్యూటర్లో ఆయన భార్య గొంతు ఉంది.

సోవియట్ సాయంతో కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చేరారు. తెలుగువాళ్లలో ఎక్కువ మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవారు. ఖుర్సీపార్‌లో నడుస్తుంటే ఇప్పటికీ చెవిన పడేది ఉత్తరాంధ్ర యాసే. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది. పలాస పక్క పల్లె నుంచి 1970లలో ఉద్యోగానికి వచ్చిన ఈ పెద్దాయన రెండేళ్లకు పెళ్లి చేసుకుని భార్యను తీసుకొచ్చారు. ఆమె తెచ్చుకున్న సామానులో బరువు లేనివి పాటలు. నలుగు పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు. సెక్టార్లో తెలుగువారింట ఏ శుభకార్యం జరిగినా ఆమెకు పిలుపు వచ్చేది. పక్కింటి ఒడిశా వాళ్లు, ఎదురింటి బిహారీలు కూడా అర్థం తెలియకపోయినా కూర్చుని వినేవాళ్లు.

1980లలో ఇంట్లోకి టేప్‌రికార్డర్ వచ్చింది. సినిమా పాటల క్యాసెట్ల పక్కనే ఖాళీ క్యాసెట్లూ వచ్చాయి. ఆమె పాడినవి, ఊరి నుంచి తల్లి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి పాడినవి, పెళ్లిళ్లలో పది మంది ఆడవాళ్లు గొంతు కలిపినవి. వెనక కుక్కర్ విజిల్, పిల్లల ఏడుపు, షిఫ్ట్ మారిందని చెప్పే సైరన్. ఇలాంటివి 40 పైచిలుకు క్యాసెట్లు పోగయ్యాయి.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు 2005లో తండ్రికి కంప్యూటర్ కొనిచ్చాడు. అప్పుడంతా విండోస్ ఎక్స్‌పీ కాలం. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ సెలవులకు వచ్చినప్పుడల్లా టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి క్యాసెట్లు ఎక్కించాడు. ఈ పనిలో తొందర కుదరదు. గంట క్యాసెట్ ఎక్కడానికి గంటా పడుతుంది. మామూలు ఎంపీ3 నాణ్యతలో నిమిషానికి దాదాపు ఒక ఎంబీ లెక్కన, 60 నిమిషాల క్యాసెట్ 60 ఎంబీలలో ఒదిగిపోయేది. ఆ గంటసేపూ తల్లి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చెప్పేది. ఈ పాట అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. ఇది ఫలానా వాళ్లమ్మాయి పెళ్లిలో పాడింది. ఈ రెండో గొంతు కాశీబుగ్గ పిన్నిది. కొడుకు వింటూనే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసి పాటల ప్రోగ్రాంలో వ్యాఖ్యల గడిలో పెట్టేవాడు.

2011లో ఆమె పోయింది.

ఆ తర్వాత సాయంత్రాలు పెద్దాయన చేసే పని ఒకటే. తెర మీద జాబితా తెరిచి, వ్యాఖ్య చదివి, పాట వినడం. సినిమా పాటలూ ఉండేవి కానీ వాటి జోలికి పెద్దగా వెళ్లేవారు కాదు. వాటి జాబితా చూస్తే నవ్వొచ్చేది. ఇంగ్లిష్‌లో తెలుగు పేరు రాయడానికి తలా ఒక దారి కాబట్టి ఘంటసాల ముగ్గురయ్యారు, బాలసుబ్రహ్మణ్యం అయిదుగురు. యంత్రానికి ఒక అక్షరం తేడా వస్తే మనిషే వేరు.

అప్‌డేట్లు ఆపేసింది మొదట కొడుకే. నెలకు ఇన్ని ఎంబీలని లెక్క ఉన్న బ్రాడ్‌బ్యాండ్ రోజులవి. మూడొందల ఎంబీలుండే సర్వీస్ ప్యాక్ దిగితే నెల కోటాకు పెద్ద గండే. దానికి తోడు ఓసారి స్పీకర్లు మూగబోయాయి. అప్‌డేట్ వల్లో, మరో కారణం వల్లో ఎవరూ తేల్చలేదు. కొడుకు వచ్చి సరిచేసేదాకా మూడు నెలలు ఇంట్లో పాట లేదు. అప్పటి నుంచి ఆ పసుపు గుర్తు పెద్దాయనకు శత్రువైంది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఆపేసినప్పుడు దేశంలో బ్యాంకుల దగ్గర్నుంచి అందరూ కంగారు పడ్డారు. ఆయన మాత్రం ఊపిరి పీల్చుకున్నారు. ఇక ఆ గుర్తు అడగదు.

ఇలా ఆలోచించింది ఆయనొక్కరే కాదు. తెలుగు ఇళ్లలో, దుకాణాల్లో, డీటీపీ సెంటర్లలో పాత కంప్యూటర్‌ను ముట్టుకోనివ్వకపోవడానికి కారణం సాధారణంగా అందులోని ఒక్క వస్తువే. ఒకరికి పాత ఫాంట్లలో టైపు చేసిన పుస్తకం, ఒకరికి ఖాతాల ప్రోగ్రాం, ఒకరికి ఫొటోలు. పాతది బాగుందని కాదు, కొత్తదానిలోకి అది రాదేమోనని. భద్రతా నిపుణులు జనానికి బుద్ధి లేదని విసుక్కుంటారు గానీ, ఆ ఒక్క వస్తువును క్షేమంగా దాటించే దారి మాత్రం చెప్పరు.

పాటల ప్రోగ్రాంలనే తీసుకుంటే అవి మనిషి జీవితమంత కాలం ఉండవు. 1997లో వచ్చిన విన్‌యాంప్‌ను కొన్నేళ్లు వాడనివారు లేరు. 2013 డిసెంబర్‌లో మూసేస్తున్నామని ప్రకటించారు, మరుసటి నెలలో చేతులు మారింది. ఫొటోల్లో ముఖాలకు పేర్లు పెట్టుకునే పికాసాను గూగుల్ 2016 మార్చిలో ఆపేసింది. ఆపిల్ కంప్యూటర్లలో 2001 నుంచి నడిచిన ఐట్యూన్స్ 2019 అక్టోబర్‌లో మూడు ముక్కలై, పాటలకొకటి, వీడియోలకొకటి, పాడ్‌కాస్టులకొకటిగా విడిపోయింది. ఏదీ దుర్మార్గం కాదు, వ్యాపారం. కానీ వాటిలో పేర్లు రాసుకున్నవాళ్ల సంగతి వ్యాపారంలో ఓ పక్క లెక్క మాత్రమే.

2017 మే 12న వానాక్రై వచ్చింది. కంప్యూటర్లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టమనే వైరస్. కొద్ది రోజుల్లోనే 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తెలుగు చానళ్లు రోజంతా ఎర్ర తెరను చూపిస్తూనే ఉన్నాయి. అది తాళం వేసే ఫైళ్ల రకాల్లో ఉత్తరాలు, లెక్కలు, ఫొటోలతో పాటు పాటలు కూడా ఉన్నాయన్న మాట పెద్దాయన చెవిన పడింది.

చిత్రమేమిటంటే, ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ దాడికి 59 రోజుల ముందే, మార్చి 14నే వచ్చింది. వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. అందరూ అనుకున్నట్టు ఎక్కువగా దెబ్బతిన్నది ముసలి ఎక్స్‌పీ కూడా కాదు. కాస్పర్‌స్కీ సంస్థ లెక్క ప్రకారం దాదాపు 98 శాతం విండోస్ 7 యంత్రాలు. అంటే ఇంకా అప్‌డేట్లు అందుతున్నవే. అందినదాన్ని వేసుకోనివే. వయసు కన్నా నిర్లక్ష్యమే ఎక్కువ చెరుపు చేసింది. దాడి తీవ్రత చూసి మైక్రోసాఫ్ట్ నియమం పక్కనబెట్టి ఎక్స్‌పీకి కూడా ఆ ఒక్క అప్‌డేట్ విడుదల చేసింది.

మర్నాడు పెద్దాయన రెండు వీధుల అవతల ఉండే తెలుగు కుర్రాణ్ని పిలిచారు. బీసీఏ చదువుతున్నాడు. వాళ్ల నాన్న పెళ్లిలో హారతి పాడింది ఈవిడే. కుర్రాడు వస్తూనే కంప్యూటర్ వెనక్కి చెయ్యి పెట్టి ఇంటర్నెట్ తీగ లాగేశాడు.

"పాటలు పోతాయేటిరా?" అన్నారు పెద్దాయన.

"పాటలు పోవు తాతా. మాటలే పోయేలా ఉన్నాయి."

అతను చూపించింది ఇదీ. పాటలు ఎంపీ3 ఫైళ్లు. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. వాటిపై కొడుకు టైపు చేసిన కబుర్లు మాత్రం ఆ ఫైళ్లలో లేవు. పాటల ప్రోగ్రాం తన కోసం విడిగా పెట్టుకున్న పద్దు ఫైలులో ఉన్నాయి. ఆ పద్దు ఆ ప్రోగ్రాంకు తప్ప మరొకదానికి అర్థం కాదు. కొత్త ప్రోగ్రాంలోకి వెళ్తే పాటలన్నీ వస్తాయి, ట్రాక్ 1, ట్రాక్ 2 అని. ఎవరు పాడారో, ఎక్కడ పాడారో, రెండో గొంతు ఎవరిదో ఉండదు. ఎంపీ3 ఫైలు లోపల వివరాలకు చోటు లేక కాదు. ఐడీ3 ట్యాగ్ అనే ఆ ఏర్పాటు 1996 నుంచీ ఉంది. మొదట్లో అది ఫైలు చివర 128 బైట్ల ఇరుకు గది. వ్యాఖ్యకు 30 అక్షరాలు మించి పట్టేది కాదు. అందులో ఊరి పేరు, మనిషి పేరు రాసేసరికే అయిపోతుంది. తర్వాతి రూపాల్లో కావలసినంత చోటు వచ్చింది, తెలుగు లిపి కూడా పడుతుంది. కానీ కొన్ని ప్రోగ్రాములు ఫైలును ముట్టుకోకుండా అన్నీ తమ పద్దులోనే దాచుకుంటాయి. వాడేవాళ్లకు ఆ తేడా తెలియదు. తెలియాల్సిన రోజు వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

పెద్దాయనకు ఇది వెంటనే అర్థమైంది. కుర్రాడు వివరించినందుకు కాదు, రైల్ మిల్లులో పనిచేసినందుకు. పట్టా ఎర్రగా సాగుతుండగానే దాని నడుము మీద తయారుచేసిన సంస్థ గుర్తు, సైజు, నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలుగా అచ్చుపడతాయి. ఏ కాస్టింగ్‌లోని ఉక్కో తెలిపే నంబర్‌ను వేడి మీదే కొడతారు. మిల్లు రిజిస్టర్లోనూ ఆ వివరాలుంటాయి. కానీ 20 ఏళ్ల తర్వాత అస్సాంలోనో రాయలసీమలోనో పట్టాకు బీటవేస్తే, ట్రాక్ మీది గ్యాంగ్‌మన్ భిలాయ్ వచ్చి రిజిస్టర్ తిప్పడు. వంగి పట్టానే చదువుతాడు.

"పేరు రిజిస్టర్లో రాసి పట్టాను బోసిగా పంపేశార్రా మావోడు" అన్నారాయన.

పని మొదలైంది. కుర్రాడు ముందు డిస్కు మొత్తానికి రెండు నకళ్లు తీశాడు. ఒకటి పెద్దాయన బీరువాలో, రెండోది తన ఇంట్లో. అది అయ్యేదాకా ఇంకేమీ ముట్టుకోనన్నాడు. అప్పుడు పాత ప్రోగ్రాంలోని పద్దును మామూలు అక్షరాల ఫైలుగా బయటికి తీశాడు. అదృష్టం బాగుండి దానికి ఆ సదుపాయం ఉంది. ఆ తర్వాతే ఎక్స్‌పీకి ప్రత్యేకంగా వచ్చిన అప్‌డేట్ వేశాడు. చివరికి విండోస్ 10 ఉన్న కొత్త కంప్యూటర్ కొని పాటలు అందులోకి మార్చారు.

వ్యాఖ్యల్ని ఫైళ్లలోకి ఎక్కించడానికి చిన్న ప్రోగ్రాం రాస్తే చాలనుకున్నాడు కుర్రాడు. సగం మాత్రమే సవ్యంగా దిగాయి. కొన్ని పాటల పేర్లు కొడుకు మధ్యలో మార్చడంతో ఏ వ్యాఖ్య దేనిదో తేలలేదు. ఎంపీ3గా కుదించకుండా వదిలేసిన కొన్ని వేవ్ ఫైళ్లలో రాసింది ఒక ప్రోగ్రాంలో కనిపిస్తే మరొకదాంట్లో కనిపించలేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు భాషతో వచ్చింది. తొందరలో కొట్టిన పొడి అక్షరాలు. 'కేబీ పిన్ని' అంటే కాశీబుగ్గ పిన్ని అని తండ్రికి తెలుసు, కొడుక్కి తెలుసు. రేపు మనవరాలికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి మిగిలిన సగం చేత్తోనే చేశారు. ఆ వేసవంతా రోజూ సాయంత్రం ఓ గంట. పాట పెట్టడం, పెద్దాయన చెప్పడం, కుర్రాడు తెలుగు లిపిలో టైపు చేయడం. భిలాయ్‌లో పుట్టి హిందీలో చదువుకున్న అతనికి తెలుగు చదవడమే అంతంతమాత్రం. ఆ వేసవిలో ఒత్తులు నేర్చుకున్నాడు. ఎందుకైనా మంచిదని పెద్దాయన అవే వివరాలు ఓ లాంగ్ నోట్‌బుక్‌లోనూ రాసుకున్నారు. ఫోన్ పట్టుకుని ఊళ్లో మరదలికి పాటలు వినిపించి గొంతులు పోల్పించుకున్నారు. ఆవిడ ఒక పాట విని చాలాసేపు మాట్లాడలేదు. అది వాళ్లమ్మ గొంతు. వాళ్లింట్లో ఆమె ఫొటో ఒకటి ఉంది గానీ, గొంతు ఎక్కడైనా మిగిలి ఉందని ఆవిడకు తెలియదు. కొడుకు వ్యాఖ్యలో అక్కడ 'ఎవరో ముసలావిడ' అని ఉంది. బహుశా ఆ సమయానికి తల్లి పొయ్యి దగ్గరికి లేచి వెళ్లి ఉంటుంది.

అప్‌డేట్ల మీద పెద్దాయన భయం పూర్తిగా పోయిందంటే అబద్ధమే. పోవాల్సిన అవసరమూ లేదు. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో దస్తావేజులు, ఫొటోల ఫోల్డర్లలోని ఫైళ్లనే తుడిచేసింది. నాలుగు రోజుల్లోపే దాన్ని నిలిపేయాల్సి వచ్చింది. 2001 నవంబర్‌లో ఐట్యూన్స్ రెండో వెర్షన్‌ను ఎక్కిస్తుంటే కొందరి డిస్కులే ఖాళీ అయ్యాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేశాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కాపలాదారే తలుపుకు అడ్డంగా పడిపోతే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాం. అప్‌డేట్ అంటే వణికేవాళ్లను అమాయకులనడం తేలిక. వాళ్ల భయానికి రుజువులున్నాయి.

అయితే పెద్దాయన దగ్గర దీనికో లెక్క ఉంది. 2018 అక్టోబర్ 9న భిలాయ్ కర్మాగారంలో కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర మరమ్మతు పని జరుగుతుండగా మంటలు చెలరేగి పది మందికి పైగా చనిపోయారు. మరమ్మతు సమయమే అన్నిటికన్నా ప్రమాదకరమని ఆయన తరం వాళ్లకు తెలుసు. దానికి మందు మరమ్మతు మానేయడం కాదు, పనికి ముందు లైన్‌ను వేరుచేసి, లోపల గ్యాస్ లేదని పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టడం. కంప్యూటర్‌కు అలాంటి సంతకం నకలు తీయడమేనంటారు. విడి డిస్కులో నకలుంటే అప్‌డేట్ చెడగొట్టినా, వైరస్ తాళం వేసినా ఒకటే. రెండు భయాలకూ మందు ఒక్కటే అయినప్పుడు ఒక భయం కోసం రెండోదాన్ని కొనితెచ్చుకోవడం దండగ. పెద్ద అప్‌డేట్ వస్తే ఆయన ఓ వారం ఆగుతారు. భద్రతకు సంబంధించిన చిన్నవి ఆపరు. పింఛను, బ్యాంకు వ్యవహారాలు కూడా ఆ కంప్యూటర్లోనే కాబట్టి ఆపితే పోయేవి పాటలొక్కటే కాదు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి కూడా కాలం చెల్లింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్లవారికి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించారు గానీ, 2017లో కొన్న యంత్రం విండోస్ 11కు పనికిరాదని తేలింది. మళ్లీ కొత్త కంప్యూటర్, మళ్లీ కొత్త పాటల ప్రోగ్రాం. కుర్రాడిప్పుడు పుణెలో ఉద్యోగస్థుడు. ఫోన్లోనే దారి చెప్పాడు. పెద్దాయన ఒక్కరే కూర్చుని డిస్కు తగిలించి ఫోల్డర్ చూపించారు. పాటలు వచ్చాయి, వాటి వెంటే పేర్లూ, ఊళ్లూ, గొంతులూ తెలుగు అక్షరాల్లో వచ్చాయి. మధ్యాహ్నం మొదలుపెడితే టీ వేళకు అయిపోయింది.

ఘంటసాల మాత్రం ఇప్పటికీ ముగ్గురే. వాళ్లను ఒకటి చేసే ఓపిక ఆయనకు లేదు.

హైదరాబాద్‌లో ఉన్న మనవరాలు ఈమధ్య ఆ పాటలన్నీ అడిగి ఫోన్‌లో వేయించుకుంది. అక్కడ కొత్త చిక్కొచ్చింది. ఆమె వాడే పాటల యాప్ పేరు చూపిస్తుంది, బొమ్మ చూపిస్తుంది, వ్యాఖ్య మాత్రం చూపించదు. ఫైలులో ఉంది గానీ చదివే గడి లేదు. ఈ పాట ఎవరిది తాతయ్యా అని రోజుకో వాట్సాప్ వస్తోంది. పెద్దాయన కొన్నాళ్లు జవాబులిచ్చారు. తర్వాత సివిక్ సెంటర్‌కు వెళ్లి లాంగ్ నోట్‌బుక్ మొత్తం జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి కొరియర్‌లో పంపించారు.